సెలవు ఇచ్చేదెవరు?

తెలుగులో 'సెలవు' గడుసు మాట. బడికి సెలవు, ఆఫీసుకు సెలవు అంటాం. పెద్దవాళ్ళ దగ్గర లేచి వచ్చేటప్పుడు 'సెలవిప్పించండి' అంటాం. వాళ్ళు ఏదైనా మాట్లాడితే 'సెలవిచ్చారు' అంటాం. విశ్రాంతీ, అనుమతీ, ఆజ్ఞా మూడూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. పాత నిఘంటువుల్లో దీనికి ఖర్చు అనే అర్థం కూడా ఉంది. తమిళంలో ఇప్పటికీ ఆ అర్థమే వాడుక. ఖర్చు సంగతి తర్వాత అవసరమవుతుంది, ప్రస్తుతానికి పక్కన పెడదాం. మిగతా అర్థాలు చెప్పేదొక్కటే. సెలవు దానంతటది రాదు, ఒకరు ఇవ్వాలి. ఇచ్చే మనిషి లేనిచోట తీసుకునే మనిషి ఎవరి దగ్గరికి పోయి నిలబడాలి?

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. కాపురం కొమరోలులో. ఉద్యోగం నాకు ఆదివారం సెలవిస్తుంది, పండక్కి సెలవిస్తుంది. ఆ సెలవు రోజుల్లో నేను ఏం చేస్తున్నానో ఒకసారి చరిత్ర విద్యార్థినిగా చూద్దామనిపించింది. ఈ వ్యాసం అందుకు.

మన దేశంలో కూలి చేసుకునేవాళ్ళకు ఆదివారం ఊరికే రాలేదు. జోతిబా ఫూలే సత్యశోధక సమాజంలో పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టాడు. ఐదున్నర వేలమంది సంతకాలతో ఒక వినతిపత్రం తయారైంది. వారానికొక రోజు విశ్రాంతి, మధ్యాహ్నం అరగంట విరామం, నెల పదిహేనో తేదీలోపు జీతం, పనిలో దెబ్బ తగిలితే పరిహారం. ఇవీ కోరికలు. ఇవాళ చదివితే ఇంత చిన్నవాటికా అంత పోరాటం అనిపిస్తుంది. ఆరేళ్ళు పట్టింది. 1890 ఏప్రిల్‌లో సుమారు పదివేలమంది చేరిన సభలో ఇద్దరు మహిళా కార్మికులు కూడా లేచి మాట్లాడారు. ఆ జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన ఫ్యాక్టరీ చట్టం వారపు సెలవును చట్టంలోకి ఎక్కించి, ఆడవాళ్ళ పనిని రోజుకు పదకొండు గంటలకు కుదించి, మధ్యలో గంటన్నర విరామం ఇవ్వాలంది.

తరగతిలో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నా మనసు ఆ పదకొండు గంటల దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన పదమూడు గంటల్లో ఆమె ఏం చేసిందని చట్టం అడగలేదు. మిల్లు గేటు దాటాక ఆమె ఇంకో పనిలోకి పోతోందని అందరికీ తెలుసు. ఆ రెండో పనికి గేటు లేదు, గంట లేదు, యజమాని అని వేలు పెట్టి చూపించడానికి మనిషి లేడు. లోఖండే వినతిపత్రం ఇవ్వడానికి ఒక విలాసం ఉండింది. ఇంటిపని వినతిపత్రానికి విలాసం లేదు.

అది బొంబాయి సంగతి. కొమరోలు వైపు మిల్లులెక్కడివి? ఇది నల్లమల పక్కన మెట్ట భూముల సీమ. కంభం, మార్కాపురం తాలూకాలు ఒకప్పుడు కడప జిల్లాలో ఉండి 1858లో కర్నూలుకు మారాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు గిద్దలూరు, మార్కాపురం తాలూకాలను అందులో కలిపారు. కలెక్టరాఫీసు ఎటు మారినా ఇక్కడి ఆడవాళ్ళ నడక బావి నుంచి బోరుకు, బోరు నుంచి ట్యాంకరుకు మారిందంతే. వానలు లేని ఏడు గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలసపోవడం, ఉన్నచోట ఉంటే కలుపు, కోత, మార్కాపురంలో అయితే పలకల పని. వీళ్ళెవరికీ సెలవు అనే మాట జీతంతో పాటు అందలేదు. వాళ్ళ లెక్కలో సెలవంటే కూలి పడని రోజు.

రైతుకు మాత్రం సెలవులాంటిది ఒకటుంది. అమావాస్య నాడు అరక కట్టనివాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. సోమవారం బసవన్న రోజని ఎద్దు మెడ మీద కాడి పెట్టని ఆచారం కన్నడ సీమలో ఉంది. నోరులేని జీవానికి వారానికో పక్షానికో ఒకరోజు విశ్రాంతి ఉండాలని మన పెద్దలకు తోచింది, మంచిదే. ఎద్దుకు కుడితి పెట్టే మనిషికి మాత్రం ఆ రోజు పని పెరుగుతుంది. ఎద్దు పొలానికి పోకుండా ఇంటి దగ్గరే ఉంటే పేడ కూడా ఇంటి దగ్గరే కదా!

మా అవ్వ తరంలో జొన్నలు విసురుకోవడం, వడ్లు దంచుకోవడం తెల్లవారుజాము పనులు. పిండిమర వచ్చింది, రైస్ మిల్లు వచ్చింది, ఆ రెండు గంటలు మిగలాలి. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా ఆడవాళ్ళకు గ్యాసు పొయ్యిలు వచ్చాక పొగ పోయింది. కట్టెల కోసం అడవి అంచులకు పోయే పొద్దు మిగలాలి. ఆ మిగిలిన పొద్దంతా ఎక్కడికి పోయింది? అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన పుస్తకం అడిగింది కూడా ఇదే. యంత్రం వచ్చినప్పుడల్లా శుభ్రతకు, వంటకు ఉండే కొలబద్ద పైకి జరిగిందనీ, మగవాళ్ళూ పిల్లలూ చేసే పనులను యంత్రం మింగేసి ఆడదాని పనులను ఆమెకే మిగిల్చిందనీ ఆమె వాదన. ఈ ఊళ్ళోనూ అంతే. కట్టెలు కొట్టే పని మగవాడిది, అది పోయింది. పొయ్యి దగ్గర నిలబడే పని ఆడదానిది, అది పోలేదు. సంగటి, ఊరుబిండితో గడిచిపోయే పూట, గ్యాసు పొయ్యి మీద రెండు కూరలు, చారు, పిల్లలకు వేరే టిఫిన్ అడుగుతోంది.

ఇక నా రోజు.

కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా 'కాల వినియోగ సర్వే' చేసింది. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా చేశారు కానీ అందులో మన రాష్ట్రం లేదు. 2024లో మళ్ళీ చేశారు. పద్ధతి సులువు. ఉదయం నాలుగు గంటల నుంచి మర్నాడు నాలుగు దాకా రోజును అరగంట గడులుగా కోస్తారు. ఏ గడిలో ఏం చేశారని అడుగుతారు. ఒకే గడిలో రెండు మూడు పనులు జరిగితే అవి కూడా రాసుకుని, ముఖ్యమైనది ఏదో గుర్తు పెడతారు. సర్వే వాళ్ళు మా ఇంటికి రాలేదు. నేనే ఒక రూళ్ళ కాగితం మీద గడులు గీసుకుని ఒక ఆదివారం నింపాను.

నాలుగున్నరకు కుక్క తలుపు గీకింది. లేచి కసువు ఊడ్చి, నీళ్ళు చల్లి, రెండు గీతల ముగ్గు వేశాను. ఐదింటికి కుళాయి. రెండు రోజులకోసారి వచ్చేది, వదిలితే మంగళవారం దాకా కష్టం. డ్రమ్ములు, బిందెలు, మిద్దె మీద సింటెక్స్. ఐదున్నరకు కుక్కతో బయటికి. ఆరున్నర నుంచి కాఫీలు, అత్తమ్మకు ముందు రాగిజావ, బీపీ మాత్ర, తర్వాత దోసెలు. పిండి రుబ్బింది శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు. అది నిన్నటి కాగితంలోకి పోతుంది కాబట్టి ఈ రోజు లెక్కకు రాదు. ఆదివారం దోసె వెనక శనివారం ఉన్నట్టు ఏ గడీ చెప్పదు. ఎనిమిదింటికి వాషింగ్ మిషన్లో బట్టలేసి, అది తిరుగుతుండగా బోకులు తోమి, రంగు పోయేవి చేత్తో ఉతికి, మిద్దె మీద ఆరేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర. అత్తమ్మకు తలకు నీళ్ళు పోయడం. మా ఆయన చికెన్ తెచ్చారు. చికెన్ తేవడం ఆయన పని, ఆ సంచి నా చేతిలో పడిన క్షణం నుంచి మిగతాదంతా నా పని. ఆయన చెడ్డవారు కాదు, అడిగితే ఉల్లిపాయలు తరుగుతారు. అడగడం కూడా ఒక పనే. దానికి గడి లేదు.

ఒంటిగంటకు భోజనాలు, రెండింటికి మళ్ళీ బోకులు. రెండున్నరకు పడుకున్నాను. కాగితంలో 'విశ్రాంతి' అని రాశాను కానీ ఆ అరగంటలో చేసింది రేపటి ఆలోచన. సోమవారం ఏం కూర, గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలి, హైదరాబాదులో చదువుతున్న కొడుకు హాస్టలు ఫీజు చివరి తేదీ ఎప్పుడు. మూడింటి నుంచి ఐదున్నర దాకా జవాబు పత్రాలు దిద్దాను. అది నా ఉద్యోగం పనే, ఇంటి పని చేసుకోమని ఇచ్చిన సెలవులోకి జారిపోయింది. ఐదున్నరకు మళ్ళీ కుక్క. ఆరున్నరకు బట్టలు తీసి మడతలు, ఇస్త్రీకి వేరు చేయడం. రాత్రి వంట, భోజనం, పొయ్యిగట్టు తుడవడం, ఉద్దిపప్పు నానేయడం. పదిం పావుకు లైటు ఆపాను.

సర్వే లెక్కల ప్రకారం 2019లో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెట్టారు, చేసే పురుషులు 97 నిమిషాలు. 2024 నాటికి అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్ళలో ఆమెకు పది నిమిషాలు మిగిలాయి, ఆయనకు తొమ్మిది. ఈ సగటు చేసేవాళ్ళది మాత్రమే. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టేవాళ్ళు స్త్రీలలో నూటికి ఎనభై పైచిలుకు, పురుషులలో ఇరవై ఏడు. నా ఆదివారం లెక్క వేసుకుంటే ఆ 299 మధ్యాహ్నం భోజనాల ముందే దాటిపోయింది. ఉద్యోగం చేసే ఆడవాళ్ళ సెలవు సగటు కన్నా బరువుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఆరు రోజుల బాకీ ఏడో రోజు తీరాలి.

ఈ గడులు నింపుతుంటే ఇంకో విడ్డూరం తెలిసింది. దేశాల ఆదాయం లెక్కకట్టే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం నీళ్ళు మోసుకురావడం ఉత్పత్తి, ఆ నీళ్ళు కాచి అన్నం వండటం ఉత్పత్తి కాదు. కొమరోలు లాంటి నీళ్ళకరువు ఊళ్ళో బిందె నడుమున ఉన్నంతసేపూ మనం జాతీయోత్పత్తిలో ఉంటాం. గడప దాటి లోపలికి వచ్చి బిందె దించగానే లెక్కలోంచి రాలిపోతాం. న్యూజిలాండ్ పార్లమెంటులో కూర్చుని ఈ లెక్కలు చూసిన మారిలిన్ వేరింగ్ 1988లో దీని మీద ఒక పుస్తకమే రాసింది. మన జనాభా లెక్కలు ఇంకొంచెం ముందుకెళ్ళాయి. 2001 లెక్కల్లో ముప్పై ఆరు కోట్లమంది స్త్రీలను పని చేయనివాళ్ళ కింద బిచ్చగాళ్ళు, ఖైదీలు, వేశ్యలతో కలిపి చూపారని సుప్రీంకోర్టు 2010లో తప్పుబట్టింది.

కోర్టుకు ఈ సంగతి ఎందుకు పట్టిందంటే, ప్రమాదంలో చనిపోయిన గృహిణికి పరిహారం లెక్కగట్టాల్సి వచ్చింది. ఇంటిపనికి మన దేశంలో వెల పలికిన ఒక చోటు అది. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు గృహిణి సేవలను నెలకు 3000 రూపాయలుగా అంచనా వేసింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో పైన చెప్పిన కాల వినియోగ సర్వే నిమిషాలను ప్రస్తావించి, గృహిణికి ఊహాత్మక ఆదాయం లెక్కగట్టడం ఆమె శ్రమకు గుర్తింపు అన్నారు. సంతోషించాల్సిన తీర్పే. కాకపోతే ఆ గుర్తింపు అందుకోవడానికి ఆమె బతికి ఉండకూడదు.

ఇంతకీ కుక్క ఏ గడిలోకి వస్తుంది? వర్గీకరణలో దానికి చోటుంది. పెంపుడు జంతువుల సంరక్షణ కూడా వేతనం లేని ఇంటిపనే. మరి నేను ఉదయం ఐదున్నరకు, సాయంత్రం ఐదున్నరకు చేసింది ఇంటిపనేనా? ఇక్కడ నా పెన్ను ఆగింది.

తెలుగు ఊళ్ళో కుక్కను తిప్పడం అనే పనే ఉండేది కాదు. కుక్క తనంతట తనే తిరిగేది, ఏ పూట ఏ ఇంటి ముందు నిలబడాలో దానికి తెలిసేది, తిన్న విస్తరి నుంచి ఒక ముద్ద ఆడవాళ్ళ చేతి మీదుగా దానికి పడేది. నల్లమలలో చెంచులకు కుక్క వేట తోడు, అడవిలోకి వాళ్ళతో పోతుంది. అక్కడ ఎవరు ఎవరిని తిప్పుతున్నట్టు? మెడకు తాడు కట్టి వీధిలో నడిపించడం మనకు దొరల ఇళ్ళ నుంచి వచ్చింది. దానికి రాతపూర్వకమైన సాక్ష్యం కూడా తెలుగు నేల మీదే దొరుకుతుంది. జూలియా మెయిట్లాండ్ అనే ఆంగ్లేయ స్త్రీ 1830ల చివర్లో జిల్లా జడ్జి భార్యగా రాజమండ్రిలో ఉంది. ఇంటికి రాసిన ఉత్తరాలను 1843లో పేరు పెట్టుకోకుండా 'ఒక లేడీ' రాసినట్టుగా అచ్చు వేసింది. అందులో తమ నౌకర్ల జాబితా ఇస్తుంది. బట్లరు, వంటవాడు, ఆయాలు, బోయీలు, గుర్రాలవాళ్ళు, గడ్డికోసేవాళ్ళు, నీళ్ళు మోసేవాడు, చాకలి, దర్జీ... అంతా కలిపి ఇరవై ఏడుగురు. ఆ వరసలో ఒక 'డాగ్‌బాయ్' ఉన్నాడు. కుక్కను చూసుకునే కుర్రాడు. ఆ ఇళ్ళలో ప్రతి కుక్కకూ ఒక కుర్రాడు ఉంటాడనీ, పిల్లికి మాత్రం సేవకులు లేరనీ ఆమె చమత్కరిస్తుంది.

నేను ఈ జాబితాను పిల్లలకు చూపించి అడుగుతుంటాను, ఈ ఇరవై ఏడు పనులు ఇవాళ మీ ఇంట్లో ఎవరు చేస్తున్నారని. గడ్డి, గుర్రం పోయాయి. మిగతా పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే 'అమ్మ, అమ్మ' అని వినిపిస్తుంది. డాగ్‌బాయ్ దగ్గరికి వచ్చేసరికి నవ్వుతారు, మా కుక్క సంగతి వాళ్ళకు తెలుసు.

మా కుక్క పేరు టైగర్. ఊరకుక్కే. ఒకప్పుడు ఈ వైపు ఇంటికి తెచ్చిన ప్రతి కుక్కా టామీనో, జిమ్మీనో, టైగరో అయ్యేది. దొరలు పోయినా వాళ్ళ కుక్కల పేర్లు మన గుమ్మాల్లో ఉండిపోయాయి. దీన్ని వానాకాలంలో పిల్లగా ఉండగా నా కొడుకు చొక్కాలో దాచి తెచ్చాడు. 'నేనే చూసుకుంటానమ్మా' అన్నాడు. ఇంటర్ అయిపోయి హైదరాబాదు వెళ్ళాడు. కొడుకు తెచ్చిన కుక్క తల్లికి పని కావడానికి రెండేళ్ళు పట్టింది, మామూలుగా ఇంకా తొందరగానే అవుతుంది.

మొదట్లో విసుగ్గానే తాడు పట్టుకున్నాను. తర్వాత తెలిసింది, ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా ఉంటూ నేను పని లేకుండా ఎప్పుడూ రోడ్డు మీద నడవలేదని. కాలేజీకి నడిచాను, కూరగాయలకు, ఆసుపత్రికి, గుడికి, గిద్దలూరు బస్సుకు నడిచాను. ఊరికే ఎప్పుడూ నడవలేదు. మగవాళ్ళు తెల్లవారుజామున 'వాకింగ్' అని టవలు భుజాన వేసుకుని పోతారు, దారిలో టీ తాగుతారు, అరుగు మీద కూర్చుని పేపరు చదువుతారు. నేను ఒకసారి డాక్టరు చెప్పారని ఒంటరిగా నడిస్తే నాలుగు అడుగులకొకరు 'ఎక్కడికి మేడమ్?' అని ఆప్యాయంగానే అడిగారు. సమాధానం లేని నడక కావడంతో నాలుగో రోజుకు మానేశాను. కుక్క ఉంటే ఎవరూ అడగరు. తాడు చివర కారణం నడుస్తోంది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ముంబై ఆడవాళ్ళ గురించి రాసిన పుస్తకంలో ఇదే అంటారు. బహిరంగ స్థలంలో స్త్రీ తనకు అక్కడ ఏదో పని ఉన్నట్టు నిరంతరం రుజువు చేసుకుంటూ ఉండాలట. ముంబైలో సంచో, ఫోనో చేసే పని నాకు టైగర్ చేస్తోంది.

ఊరి చివర రోడ్డు పక్కన ఒక మోరీ గట్టు ఉంది. టైగర్ అక్కడ వాసన చూసుకుంటూ పది నిమిషాలు నిలబడుతుంది, నేను ఆ గట్టు మీద కూర్చుంటాను. పడమట నల్లమల నీలంగా ఉంటుంది. ఆదివారం మొత్తంలో ఏమీ ఆలోచించని పది నిమిషాలు అవి. సర్వే గడిలో ముఖ్యమైన పని అని ఏది గుర్తు పెట్టాలి? ఇంటిపని అని రాస్తే నా విశ్రాంతి మాయమవుతుంది. విశ్రాంతి అని రాస్తే రేపు ఎవరైనా 'నీకు రోజూ రెండు గంటలు ఖాళీ దొరుకుతోంది కదా' అంటారు.

మా ఇంటికి పనికి వచ్చే ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. నాకు జ్వరం వచ్చిన వారం కుక్కను కాస్త తిప్పగలవా అని అడిగాను, అదనంగా డబ్బిస్తానన్నాను. 'ఇంకేదన్నా చెప్పు తల్లీ చేస్తా. కుక్కను మాత్రం తిప్పను' అంది. ఎందుకన్నాను. 'నువ్వు పట్టుకుపోతే నిన్నెవరూ ఏం అడగరు. నేను పట్టుకుపోతే ఎవరి కుక్కను పట్టుకొచ్చినావని అడుగుతారు' అంది.

ఒకటే తాడు. నా చేతిలో ఉంటే అది అనుమతి, ఆమె చేతిలో ఉంటే నేరారోపణ. ఆమె దళిత. పని లేకుండా రోడ్డు మీద ఉండే హక్కు నాకు లేదని నేను బాధపడుతున్నాను. ఆమెకు పని ఉండి కూడా లేదు. స్త్రీలందరి సెలవు ఒకటే అని రాయడం సులువు. కానీ రాజమండ్రిలో ఆ డాగ్‌బాయ్ ఎవరి పిల్లవాడై ఉంటాడు, ఆ జాబితాలోనే మద్రాసు ఇంగ్లీషు వంకర స్పెల్లింగుతో కనబడే నీళ్ళు మోసే ఆడమనిషి ఎవరై ఉంటుంది అని అడిగితే మన మధ్య గీతలు బయటపడతాయి.

ఖర్చు అర్థం ఇక్కడికి వచ్చింది. ఆదివారం ఆమెకు సెలవు. 2007లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇంటిపనివాళ్ళను కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. 2011 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒప్పందం వాళ్ళకు వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలంది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. మా ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి ఆదివారం. అందుకే ఆ రోజు బోకులన్నీ నావి. నా చాకిరీలో కొంత ఆమె విశ్రాంతి ఖరీదు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా ఆ ఖరీదును ఇంట్లో నేనొక్కదాన్నే కట్టడం మీద. ఆదివారం ఏం చేస్తావక్కా అని అడిగితే, ఆమె వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. వారం బట్టలు, మనవరాలి తల దువ్వడం, రేషను, చీటీ డబ్బులు కట్టడం, ఇల్లు అలకడం. నేను ఇచ్చాననుకున్న సెలవు ఆమె ఇంటి గడప దగ్గర ఆగిపోయింది.

ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబరు 24న తొంభై శాతం ఆడవాళ్ళు ఆఫీసుల్లోనూ ఇళ్ళలోనూ పని ఆపేశారు. సమ్మె అందామని కొందరు రాడికల్ స్త్రీలు ప్రతిపాదిస్తే, ఆ మాటకు భయపడేవాళ్ళు కూడా వస్తారని 'మహిళల సెలవు రోజు' అని పేరు పెట్టారు. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని పనికి పోయారు, సులువుగా వండుకోగల సాసేజ్‌లు దుకాణాల్లో అయిపోయాయి. మర్నాటి ఏడే స్త్రీపురుష సమానత్వ చట్టం వచ్చింది. సెలవు ఇచ్చేవాళ్ళు లేనప్పుడు అందరూ కలిసి ఒకరికొకరు ఇచ్చుకున్న సెలవు అది. దాన్ని ఇక్కడ ఊహించబోతే ముందు మా అక్క మొహం గుర్తొస్తుంది. ఆ ఒక్కరోజు తన కూలి ఎవరిస్తారని అడుగుతుంది. అడగాలి కూడా.

ఈ మధ్య నా కాగితం లాంటిదే తరగతిలో పంచి, ఆదివారం రాసుకురమ్మన్నాను. మగపిల్లలవి తొందరగా నిండాయి, క్రికెట్, ఫోను, నిద్ర. ఆడపిల్లలవి సన్నని అక్షరాలతో కిక్కిరిసి ఉన్నాయి, కొందరు గడి చాలక వెనక వైపు రాశారు. ఒకమ్మాయి కాగితంలో సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా 'బట్టలు తీయడానికి మిద్దె మీదికి పోయినాను' అని ఉంది. ఆ తర్వాతి గడిలోనూ అదే. ఎన్ని బట్టలే, గంటసేపు తీశావని అడిగాను. తల వంచుకుని, 'ఆరు జతలు మేడమ్' అంది.